బ్లాక్‌జాక్: ఆటగాడి నిర్ణయాలు

బ్లాక్‌జాక్ కేసినోల్లో ఆడే పేకాట. ముక్కల మొత్తం 21 దాటకుండా డీలర్‌ను మించాలి. రాజు, రాణి, జాకీలకు 10. ఆసుకు 1 గాని 11 గాని లెక్క. మరో ముక్క అడిగితే హిట్, ఉన్నవాటితో ఆగితే స్టాండ్, పందెం రెట్టించి ఒక్క ముక్కే తీసుకుంటే డబుల్, జతను రెండు చేతులుగా విడదీస్తే స్ప్లిట్.

డీలర్‌కు ఈ స్వేచ్ఛ లేదు. సాధారణంగా 16 వరకు తీయాల్సిందే, 17కు ఆగాల్సిందే. అందుకే అతడు చూపిన ముక్కే నిర్ణయానికి ఆధారం. అది 6 అయితే ఆసు లేని 16 మీద ఆగడం మేలు. 10 అయితే అదే 16 మీద ముక్క తీయాలి. రెండు దారుల్లోనూ నష్టమే, ఇందులో కాస్త తక్కువ. ఆసుల జతను, 8ల జతను విడదీయాలి. 10ల జతను కదపకూడదు.

డీలర్ ఆసు చూపినప్పుడు ఊరించే ఇన్సూరెన్స్, అంటే అతడు దాచిన ముక్క పది విలువదని కాసే పందెం, గెలిస్తే రెండింతలు చెల్లిస్తారు. ఒకే పేకలో ఆ ఆసు పోగా మిగిలిన 51 ముక్కల్లో పది విలువవి 16. సరితూగాలంటే 17 ఉండాలి. దాని జోలికి పోకపోవడమే సరి.

ఎప్పుడు ఏం చేయాలో చెప్పే ఈ ప్రాథమిక వ్యూహపు లెక్కలను రోజర్ బాల్డ్‌విన్, మరో ముగ్గురు 1956లో ప్రచురించారు. ఎడ్వర్డ్ థార్ప్ 1962లో ‘బీట్ ద డీలర్’ పుస్తకంతో వాటిని విస్తరించారు. ప్రాథమిక వ్యూహాన్ని తప్పకుండా పాటించినా, మామూలు నియమాల్లో కేసినోకు సుమారు అర శాతం మొగ్గు మిగిలే ఉంటుంది.