ఎగిరే లక్ష్యాల లాంచర్

ఎగిరే లక్ష్యాల లాంచర్ అనగా స్పాంజి తూటాలు పేల్చే బొమ్మ తుపాకులతో గురి సాధన చేయుటకు ఉపయోగించే ఆట పరికరం. దూరం నుండి రిమోట్ మీట నొక్కగానే ఇది ఒక తేలికైన బిళ్ళను గాలిలోకి విసురుతుంది. ఆ బిళ్ళ నేలకు చేరేలోపు దానిని తూటాతో కొట్టాలి. మనుషుల మీదికి కాక వస్తువు మీదికి గురి మళ్ళించడం దీని వలన కలిగే ముఖ్య ప్రయోజనం.

చరిత్ర

ఈ పరికరానికి మూలం ట్రాప్ షూటింగ్ క్రీడలో ఉంది. పూర్వం ఇంగ్లాండులో బతికి ఉన్న పావురాలను పెట్టెలలో ఉంచి, తాడు లాగి మూత తెరచి, అవి ఎగురుతుండగా కాల్చేవారు. తాడు లాగమని షూటరు వేసే "పుల్" అనే కేక ఈ క్రీడలో నేటికీ వినిపిస్తుంది. పావురాల స్థానంలో మొదట గాజు గోళాలు, 1880లో అమెరికాకు చెందిన జార్జ్ లిగోవ్‌స్కీ రూపొందించిన మట్టి బిళ్ళలు వచ్చాయి. 2016 రియో ఒలింపిక్స్ ట్రాప్ పోటీలో హైదరాబాదుకు చెందిన కైనన్ చెనాయ్ పాల్గొన్నాడు.

బొమ్మల వైపు చూస్తే, రేన్ గయ్యర్ ఆలోచన నుండి పుట్టిన నెర్ఫ్ స్పాంజి బంతిని పార్కర్ బ్రదర్స్ సంస్థ 1970లో అమ్మకానికి తెచ్చింది. స్పాంజి తూటాల తుపాకులు 1990లలో ప్రాచుర్యం పొందాయి.

పనిచేసే విధానం

అంతర్జాతీయ పోటీలలో వాడే మట్టి బిళ్ళ బరువు సుమారు 105 గ్రాములు. స్పాంజి తూటా బరువు సుమారు 1 గ్రాము మాత్రమే. సెకనుకు 20 మీటర్ల వేగంతో వెళ్ళినా దాని గతిశక్తి 0.2 జౌళ్ళు. అంత స్వల్ప తాకిడికి కదలాలంటే లక్ష్యం కూడా స్పాంజి వంటి తేలిక పదార్థంతోనే ఉండాలి.

విసిరే రకంలో సాగదీసిన స్ప్రింగు ఒక చేతిని తిప్పి బిళ్ళను వదులుతుంది. మరొక రకంలో ఫ్యాను పైకి ఊదే గాలి ధారపై చిన్న బంతి తేలుతూ ఉంటుంది. బంతి పక్కకు జరిగితే దాని చుట్టూ వంగే గాలి తిరిగి దానిని మధ్యకు నెడుతుంది.

చౌక రిమోట్లు టీవీ రిమోట్ వలె పరారుణ కిరణాలతో పనిచేస్తాయి. అడ్డు ఉంటే సంకేతం అందదు. రేడియో రిమోట్లకు ఈ ఇబ్బంది తక్కువ.

గురి చూసే పద్ధతి

5 మీటర్ల దూరం చేరడానికి తూటాకు దాదాపు 0.25 సెకను పడుతుంది. సెకనుకు 4 మీటర్ల వేగంతో పోయే బిళ్ళ ఆలోపు 1 మీటరు ముందుకు వెళ్ళిపోతుంది. కనుక బిళ్ళను కాక, అది చేరబోయే చోటును గురి చూడాలి. అసలు ట్రాప్ షూటింగ్‌లో ఒక తూటా నుండి వందలాది రవ్వలు వెదజల్లబడతాయి. ఇక్కడ ఉన్నది ఒక్కటే. ఆ లెక్కన బొమ్మ ఆట అంత తేలిక కాదు.

భద్రత

స్పాంజి మెత్తనిదే అయినా కంటికి హాని చేయగలదు. ఇటువంటి తూటాలు తగిలి కంటి లోపల రక్తస్రావం జరిగిన ముగ్గురి గురించి లండన్ వైద్యులు 2017లో వైద్య పత్రికలో నివేదించారు. కళ్ళద్దాలు ధరించడం, లాంచరుకు ఆవలి వైపు ఎవరూ నిలబడకుండా చూడడం అవసరం. రిమోట్‌లో బటన్ సెల్ ఉంటే దాని మూతకు మర ఉండాలి. పసిపిల్లలు దానిని మింగితే అన్నవాహిక కాలిపోయే ప్రమాదం ఉంది. భారతదేశంలో 2021 జనవరి 1 నుండి బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి.