చూపు పోయిన తరువాత: నటుడు ఎస్మండ్ నైట్

నటునికి వాక్కు తరువాత అంతటి సాధనం కన్ను. భరతముని నాట్యశాస్త్రంలో 36 దృష్టులకు వేరువేరుగా లక్షణాలు చెప్పినది ఊరకే కాదు. నాయక పాత్రధారికి రూపము, వేషము, రచయిత సమకూర్చిన సంభాషణలు అండగా నిలుస్తాయి. నాలుగు నిమిషాలు కనిపించి తెరమరుగయ్యే క్యారెక్టర్ నటునికి ఆ బలగం లేదు. ఒక్క చూపుతో అతడు ఒక మనిషి స్వభావాన్నంతటిని పట్టి ఇవ్వవలసి ఉంటుంది. ఆ చూపే పోతే అతనికి మిగిలేదేమిటి? ఇంగ్లండుకు చెందిన ఎస్మండ్ నైట్ జీవితం ఈ ప్రశ్నకు సమాధానం.

నైట్ 1906లో సర్రే మండలంలోని ఈస్ట్ షీన్‌లో జన్మించినాడు. 1920ల నడుమ నాటకరంగం మీదికి వచ్చినాడు. 1934లో హిచ్‌కాక్ తీసిన 'వాల్ట్జెస్ ఫ్రమ్ వియెన్నా' చిత్రంలో సంగీతకర్త యోహాన్ స్ట్రౌస్ కుమారునిగా నటించినాడు. ఆ చిత్రం దర్శకునికే నచ్చలేదు గాని, అందులో నైట్ చూడముచ్చటగా ఉంటాడు. కాలం కలిసివస్తే నాయక పాత్రలలోనే స్థిరపడి ఉండేవాడేమో! అతనికి పక్షులను గమనించడం ఒక వ్యసనం. పినతండ్రి వరుస అయిన కెప్టెన్ సి. డబ్ల్యు. ఆర్. నైట్ గరుడపక్షులకు శిక్షణ ఇవ్వడంలో పేరుపొందినవాడు. చూపును పదును పెట్టుకొనే విద్య ఆ ఇంట ఉండినదన్నమాట.

యుద్ధం వచ్చింది. నైట్ నౌకాదళంలో లెఫ్టినెంటుగా 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' అనే కొత్త యుద్ధనౌక మీద చేరినాడు. ఎంత కొత్తదంటే, దాని ఫిరంగులను సరిచేసే పనివారు ఇంకా ఓడ మీదనే ఉన్నారు. 1941 మే 24 ఉదయం డెన్మార్క్ జలసంధి వద్ద ఆ ఓడ, 'హుడ్' అనే మరొక మహానౌక కలిసి జర్మనీ వారి 'బిస్మార్క్'ను ఎదుర్కొన్నవి. కొన్ని నిమిషాలలోనే 'హుడ్' పేలిపోయింది. అందులోని 1,418 మందిలో బ్రతికినవారు ముగ్గురు. వెంటనే బిస్మార్క్ గుండు ఒకటి 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' మీద, కెప్టెన్ నిలిచి ఓడను నడిపించే వేదికను ఛేదించింది. కెప్టెన్, మరి ఏ కొద్దిమందో తప్ప అక్కడివారందరు మరణించినారు. దానికి పైన, ఏ కవచమూ లేని కాపలా స్థానంలో ఉన్న నైట్‌కు ఒక కన్ను పోయింది. రెండవది తీవ్రంగా దెబ్బతిన్నది. అప్పటికి అతని వయస్సు 35 సంవత్సరాలు.

రెండేళ్లు పూర్తిగా చీకటి. ఆ చీకటిలోనే 'సీకింగ్ ది బబుల్' అనే స్వీయచరిత్రను సిద్ధం చేసినాడు. అది 1943లో వెలువడింది. ఆ చీకటిలోనే 'ది సిల్వర్ ఫ్లీట్' చిత్రంలో నాజీ అధికారి వేషం వేసినాడు. అదెంత కష్టమో స్టూడియో పని తెలిసినవారికి బోధపడుతుంది. నటుడు నేలమీద గీసిన గుర్తు దగ్గరనే ఆగవలె. కాస్త దాటినా కెమెరాలో బొమ్మ మసకబారుతుంది, దీపపు వెలుగు ముఖం మీదినుండి జారిపోతుంది. ఎదుటివాని ముఖమే కనిపించని నటుడు, ఎదుటివారిని చూపుతోనే బెదిరించే పాత్రను ధరించినాడు. సంగతి తెలియక చిత్రం చూచినవారికి అనుమానమే కలుగదు.

1943లో చికిత్స ఫలించి కుడికంటికి కొంత చూపు తిరిగి వచ్చింది. కొంత మాత్రమే. మరుసటి ఏడు విడుదలైన లారెన్స్ ఒలీవియే 'హెన్రీ ది ఫిఫ్త్'లో అతడు ఫ్లూయెలెన్. వేల్స్ దేశపు యాస, తమ జాతి చిహ్నమైన లీక్ అనే ఉల్లిజాతి కూరను వెక్కిరించిన పిస్టల్ చేత ఆ కూరనే తినిపించే రోషం, యుద్ధశాస్త్రం మీద వల్లమాలిన మమకారం గల కెప్టెన్ అతడు. నా మట్టుకు నాకు నైట్ పాత్రలలో ఇదే మేటి. హాస్యం కోసం యాసను సాగదీయడు. ఆ మనిషి తన మాటలను తాను నిజంగా నమ్ముతున్నాడు, నవ్వు దానంతటదే వస్తుంది. అదే ఏట వచ్చిన 'ఎ కాంటర్‌బరీ టేల్'లో రెండు చిన్న వేషాలు వేయడమే గాక, చిత్రారంభంలో వినిపించే చాసర్ ప్రస్తావనను చదివినది కూడ అతడే. మైక్రోఫోను ముందు బ్రతుకు వెళ్లదీసే మాబోటివారు ఆ పఠనాన్ని శ్రద్ధగా వినవలె. చూపు తగ్గినకొద్దీ ఆ గొంతుకలో ఎక్కువ మంది మనుషులు కాపురం పెట్టినారా అనిపిస్తుంది.

భారతదేశంతో అతనికి రెండు విధాల సంబంధం కలిగింది. 1947 నాటి 'బ్లాక్ నార్సిసస్'లో హిమాలయ సంస్థానపు వృద్ధ జనరల్ వేషం వేసినాడు. కాని ఆ హిమాలయాలు ఇంగ్లండులోని పైన్‌వుడ్ స్టూడియోలో చిత్రించినవి! నిజమైన భారతదేశం తరువాత వచ్చింది. రేనువా 'ది రివర్' చిత్రాన్ని బెంగాలులో గంగ ఒడ్డున తీసినప్పుడు జనపనార మిల్లును నిర్వహించే ఇంగ్లీషు తండ్రి పాత్ర నైట్‌ది. తల్లి పాత్ర ధరించిన నోరా స్విన్‌బర్న్ నిజజీవితంలోను అతని భార్యయే. మద్రాసు కళాక్షేత్రంలో నృత్యం అభ్యసించిన రాధ కూడ అందులో నటించినది. 1951లో వచ్చిన ఆ చిత్రంలో నైట్ చేసేది బహు తక్కువ. ఇంట్లో ఒక తండ్రి ఉన్నాడు, అంతే. అలా ఉండడం ఎందరికి చేతనవును?

1960లో 'సింక్ ది బిస్మార్క్' చిత్రం వచ్చింది. లూయిస్ గిల్బర్ట్ దర్శకుడు. అందులో నైట్‌కు లభించిన పాత్ర 'ప్రిన్స్ ఆఫ్ వేల్స్' కెప్టెన్ జాన్ లీచ్, అనగా తాను ఎవరి ఆజ్ఞ క్రింద పనిచేస్తూ చూపు పోగొట్టుకొన్నాడో ఆ మనిషి. లీచ్ ఆనాటి ఉదయం గండం గడిచి బయటపడినా, ఏడు నెలలైనా గడవకముందే, 1941 డిసెంబరు 10న మలయా సముద్రంలో జపాను విమానాల దాడికి ఓడతో పాటు మునిగిపోయినాడు. చనిపోయిన అధిపతి దుస్తులు ధరించి, మిగిలిన ఒక్క కంటితో, ఆ ఉదయాన్ని నైట్ మరల నడిపించినాడు. పాత్ర చిన్నది. అతిశయం ఎక్కడా లేదు. ఆజ్ఞ ఇచ్చే గొంతు ఒక్కసారైనా వణకదు.

ఆ తరువాత మరి రెండు దశాబ్దాలకు పైగా అతడు మానలేదు. నాటకాలు, టెలివిజన్, 1984లో డెన్మార్కు యువదర్శకుడు లార్స్ వాన్ ట్రయర్ తొలి చిత్రం 'ది ఎలిమెంట్ ఆఫ్ క్రైమ్'. 1987 ఫిబ్రవరిలో మరణించేనాటికి 80 ఏళ్లు నిండినవి. కుమార్తె రోజలిండ్ నైట్ కూడ నటియే. ఆమె 2020లో మరణించేవరకు ఆ ఇంటిపేరు ఇంగ్లండు తెరమీద వినబడుతూనే ఉండింది.