జన్యుజాలాల పుట్టుపూర్వోత్తరాలు

కణంలో ఏ జన్యువు దేన్ని నడిపిస్తోందో చూపే గీతల పటాలు కంప్యూటర్ల కాలంలో పుట్టాయనుకుంటాం. వాటి మూలం నూరేళ్ల కిందటిది. గినీ పందుల ఒంటి మచ్చల్లో వంశపారంపర్యం పాలెంత, పరిసరాల పాలెంత అని తేల్చడానికి అమెరికా జన్యుశాస్త్రవేత్త సీవాల్ రైట్ 1920లో కారణాలను, ఫలితాలను బాణాలతో కలిపి, ఒక్కో బాణం బలాన్ని లెక్కగట్టాడు. 1972లో గణాంకవేత్త ఆర్థర్ డెంప్‌స్టర్ మరో మెట్టు ఎక్కించాడు. మిగతా రాశుల ప్రభావాన్ని తీసేశాక రెండింటి మధ్య సంబంధమేమీ మిగలకపోతే వాటిని కలిపే గీత అక్కర్లేదన్నదే ఆ పద్ధతి సారం. నా దృష్టిలో ఈ శాస్త్రం బలమంతా ఇలా గీతలు చెరపడంలోనే ఉంది.

ఆ బలం అవసరమయ్యే రోజు 1995లో వచ్చింది. స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు చిన్న గాజుపలక మీద 45 మొక్క జన్యువుల చురుకుదనాన్ని ఒకేసారి కొలిచారు. మూడేళ్లకల్లా ఈస్ట్ కణవిభజనతో పాటు హెచ్చుతగ్గులయ్యే జన్యువులు సుమారు 800 బయటపడ్డాయి. ఒకే లయలో నడిచేవాటిని గుంపు కట్టడం తేలికే. కానీ తెల్లవారుజామున ఊరంతా లేచిందంటే ఒకరినొకరు లేపుకున్నారని కాదు. 2000లో కంప్యూటర్ శాస్త్రవేత్త నిర్ ఫ్రీడ్‌మన్ బృందం అదే సమాచారానికి, సంభావ్యతల ఆధారంగా బాణాలు గీసే బేయీసియన్ నెట్‌వర్క్‌లను వర్తింపజేసింది. అంతకుముందు ఒకే గుంపులో కనిపించిన ఐదు జన్యువుల్లో సీఎల్ఎన్2 మిగతా నాలుగింటికీ మూలంగా తేలింది. ఆ నాలుగింటి మధ్య ఒక్క గీతా మిగల్లేదు. కణచక్రం తొలిదశను నడిపించడంలో సీఎల్ఎన్2 పాత్ర కీలకమని జీవశాస్త్రజ్ఞులకు ముందే తెలుసు. లెక్క కూడా ఆ మాటే చెప్పింది.

800 జన్యువులకు 76 కొలతలే ఉంటే ఎన్ని పటాలైనా సరిపోతాయి కదా అన్న ఆక్షేపణ న్యాయమైనదే. అందుకే ఫ్రీడ్‌మన్ బృందం ఆ కొలతల్లోంచి పదేపదే నమూనాలు తీసి లెక్కవేసి, ఎక్కువసార్లు తిరిగొచ్చే సంబంధాలనే నమ్మింది. ఇంకా బరువైన అభ్యంతరం ఉంది. మనం కొలిచేది ఆర్ఎన్ఏని, పని చేసేది ప్రొటీన్. 2012లో 30కి పైగా పద్ధతులను పోల్చి చూసినప్పుడు ఈస్ట్ విషయంలో అవి బాగా తడబడ్డాయి. ఈ లోపం కాదనలేనిది. అయితే అదే అధ్యయనంలో, పద్ధతులన్నిటి తీర్పులనూ కలిపి ఈ.కోలై బ్యాక్టీరియాలో ఊహించిన 53 కొత్త సంబంధాలను ప్రయోగాలతో పరీక్షిస్తే 23 నిలిచాయి. నాలుగు వేల పైచిలుకు జన్యువులంటే 80 లక్షలకు పైగా జతలు. వాటన్నిటినీ ప్రయోగశాలలో తేల్చడం అసాధ్యం. ఎక్కడ వెతకాలో చెప్పి, రెండింట ఒకటికి దగ్గరగా నిజమయ్యే సాధనాన్ని రుజువుగా చూస్తే పొరపాటు; పనికిరాదని తోసేస్తే అంతకన్నా పెద్ద నష్టం.