అహ్నఫ్ బిన్ ఖైస్ : వంకర పాదంతో పుట్టిన బిడ్డ

అరబీ భాషలో పాదం లోపలి వైపుకు తిరిగి ఉండటాన్ని 'హనఫ్' అంటారు. అట్టి పాదం గలవాడు 'అహ్నఫ్'. హిజ్రీ మొదటి శతాబ్దంలో బస్రా నగరాన తమీమ్ తెగకు నాయకుడై, సహనానికి మారుపేరుగా నిలిచిన ఒక మహనీయుణ్ణి చరిత్ర ఈ పేరుతోనే ఎరుగును. ఆయన అసలు పేరు దహ్హాక్ అని కొందరు, సఖ్ర్ అని మరికొందరు వ్రాశారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు విషయంలో చరిత్రకారుల మధ్య భేదం ఏర్పడింది గాని, పాదాన్ని బట్టి లోకం పెట్టిన పేరు విషయంలో ఏ భేదమూ లేదు.

అహ్నఫ్ (రహ్మలై) దైవప్రవక్త (స) కాలంలోనే జీవించినా ఆయనను కలుసుకొనే భాగ్యం పొందలేదు. అందుచేత తాబయీలలో లెక్కింపబడ్డారు. పుట్టినప్పుడు ఆయన పిరుదులు అతుక్కొని ఉండగా కోసి విడదీయవలసి వచ్చిందని ఇబ్న్ ఖల్లికాన్ పేర్కొన్నాడు. పాదం వంకర మాత్రం జీవితాంతం నిలిచిపోయింది. తండ్రి ఖైస్ ఇస్లాంకు పూర్వమే బనూ మాజిన్ వారి చేతిలో హతుడయ్యాడు. తల్లి బాహిలా తెగ స్త్రీ. ఆ తెగను అరబ్బులు చిన్నచూపు చూసేవారు. మగబిడ్డ విలువను గుర్రపు స్వారీతోనూ కత్తిసాముతోనూ కొలిచే సమాజంలో ఇట్టి బిడ్డను పెంచటం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఆ తల్లి బిడ్డను ఆడిస్తూ పాడుకొన్న పాట ఒకటి అరబీ సాహిత్య గ్రంథాలలో నిలిచింది. అది దాది పాడినదని చెప్పేవారూ ఉన్నారు. ఎవరు పాడినా అందులోని భావం గమనార్హం. పాటలో పాదం వంకరను దాచలేదు. ఆ లోపాన్ని పేర్కొన్న నోటితోనే, తెగలోని పిల్లలలో తన బిడ్డకు సాటి వచ్చేవాడు లేడన్న గర్వాన్ని కూడా ప్రకటించింది. వీధిలో ఇతరుల నోట ఎగతాళిగా వినకముందే, ఆ బిడ్డ తన లోపాన్ని ఒడిలో ప్రేమతో విన్నాడన్నమాట.

దాని ఫలితం ఆయన మాటల్లో కనిపిస్తుంది. ఒకసారి ఒక వ్యక్తి ఆయన కురూపాన్నీ పొట్టితనాన్నీ ఎత్తిపొడిచాడు. తన సృష్టి విషయంలో తనను ఎవరూ సంప్రదించలేదనీ, సంప్రదించని విషయంలో తనను నిందించటం తగదనీ అహ్నఫ్ శాంతంగా బదులిచ్చారు. ఈ సహనాన్ని తమ తెగ పెద్ద ఖైస్ బిన్ ఆసిం (ర) వద్ద నేర్చుకొన్నానని ఆయనే చెప్పుకొన్నారు.

హజ్రత్ ఉమర్ (ర) ఆయనను ఒక సంవత్సరం మదీనాలోనే ఉంచుకొని శీలాన్ని పరీక్షించి పంపారు. హజ్రత్ ఉస్మాన్ (ర) ఖిలాఫత్ కాలంలో, హిజ్రీ 32 ప్రాంతంలో, ఖురాసాన్‌లోని మర్వుర్రూద్ మీదికి వెళ్లిన సేనకు నాయకుడు ఈ వంకర పాదం మనిషే. ఆయన కోపిస్తే, ఎందుకు కోపించాడని అడగకుండానే తమీమ్ వారు లక్షమంది కోపిస్తారని హజ్రత్ ముఆవియా (ర) అన్నట్లు ఉల్లేఖనం ఉంది. హిజ్రీ 67 (క్రీ.శ. 686-87) ప్రాంతంలో కూఫాలో మరణించగా, ఇరాఖ్ పాలకుడు ముస్అబ్ బిన్ జుబైర్ జనాజా వెంట కాలినడకన నడిచాడు.

ఇక్కడ ఒక సందేహం కలుగవచ్చు. లోపాన్ని బట్టి మనిషిని పిలవటం తగునా? ఎగతాళి పేర్లతో పిలవరాదని దివ్య ఖుర్ఆన్ 'అల్ హుజురాత్' సూరా 11వ ఆయతు స్పష్టంగా నిషేధించింది. అయినా హదీసు ఉల్లేఖకులలో 'అల్ అఅ్‌రజ్' (కుంటివాడు), 'అల్ అఅ్‌మష్' (చూపు మందగించినవాడు) వంటి బిరుదులు కనిపిస్తాయి. గుర్తింపు కోసమైతే అనుమతి, హేళన కోసమైతే నిషేధమని ధర్మవేత్తలు వివరించారు. రెండు సందర్భాల్లోనూ మాట ఒకటే కావచ్చు, ఉద్దేశం మాత్రం వేరు. ఆ తల్లి పాటకూ వీధి ఎగతాళికీ ఉన్న భేదం సరిగ్గా ఇదే.

అహ్నఫ్ పాదానికి ఆనాడు చికిత్స దొరకలేదు. నవజాత శిశువుకు గుడ్డ చుట్టేటప్పుడు అవయవాలను మెల్లగా సవరించి తగిన ఆకృతికి తేవాలని తరువాతి కాలంలో ఇబ్న్ సీనా (మరణం క్రీ.శ. 1037) వ్రాశాడు. నేడు 'క్లబ్ ఫుట్' అని పిలిచే ఈ లోపాన్ని, 1940ల చివరి నుండి అమెరికాలో డాక్టర్ పోన్సెటీ రూపొందించిన పద్ధతిలో, చాలావరకు పెద్ద ఆపరేషన్ లేకుండానే సరిచేస్తున్నారు. పుట్టిన తొలి వారాలలోనే మొదలుపెట్టి, వారం వారం పాదాన్ని కొంచెం కొంచెంగా తిప్పుతూ పిండికట్టు మారుస్తారు. సాధారణంగా అయిదారు కట్లు పడతాయి. చాలామంది పిల్లలకు మడమ నరాన్ని చిన్నగా కోయవలసి ఉంటుంది. ఆ తరువాత నాలుగేళ్ల వయసు వరకు నిద్రవేళల్లో ప్రత్యేకమైన బూట్లు తొడగాలి. పాదం చక్కబడిందని మధ్యలో మానివేస్తే వంకర తిరిగి వస్తుంది. మన దేశంలో 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద ప్రభుత్వ వైద్యులు పరిశీలించే పుట్టులోపాలలో ఇదీ ఒకటి.

కనుక ఇట్టి బిడ్డ పుట్టినప్పుడు నేటి తల్లిదండ్రుల మీద రెండు బాధ్యతలున్నాయి. నలుగురూ ఏమనుకొంటారోనని బిడ్డను దాచక వెంటనే వైద్యునికి చూపటం మొదటిది. ఆ బిడ్డ తన లోపాన్ని గురించి మొదటి మాటను పరాయివారి నోట కాక, తన ఇంట ప్రేమతో వినేలా చూడటం రెండవది. మొదటిదానికి అవకాశం లేని కాలంలో రెండవదాన్ని నెరవేర్చిన ఒక తల్లి, తమీమ్ తెగకు నాయకుణ్ణి ఇచ్చింది.