అప్పుల దిగులు, ఆన్‌లైన్ మోసం: మిర్చి, పత్తి రైతు కుటుంబాలు తెలుసుకోవాల్సిన విషయాలు

ఎవరైనా ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే "చదువు లేదు కాబట్టి మోసపోయాడు" అనేస్తాం. కానీ టీచర్లు, డాక్టర్లు, రిటైరైన ఉద్యోగులు కూడా పోగొట్టుకుంటున్నారు. చాలా కేసుల్లో కనిపించేది ఒకటే: ఫోన్ వచ్చిన సమయానికి ఆ మనిషి ఏదో ఒక ఒత్తిడిలో ఉన్నాడు, లేదా ఫోన్ చేసినవాడే ఒత్తిడి పుట్టించాడు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం జిల్లాల్లో ఈ ఒత్తిడికి కొదవ లేదు. కౌలు ముందే కట్టాలి. విత్తనం, ఎరువు, పురుగుమందు అప్పు మీద తేవాలి. కాయ కోసి, కల్లంలో ఎండబెట్టి, యార్డుకు చేర్చేదాకా చేతిలో పైసా ఆడదు. 2021-22లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని దెబ్బతీసింది. 2025 ఫిబ్రవరిలో ధర బాగా పడిపోయి, కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాకు రూ.11,781 ధర ప్రకటించాల్సి వచ్చింది. ఒకవైపు అప్పులవాళ్లు, ఇంకోవైపు పిల్లల ఫీజులు, అమ్మాయి నిఖా ఖర్చులు. "ఐదు నిమిషాల్లో లోన్" అనే మెసేజ్‌కి ఇలాంటప్పుడే వేలు అటు పోతుంది.

దిగులులో ఆలోచన ఎందుకు తగ్గుతుంది?

తమిళనాడులో 464 మంది చెరకు రైతులపై జరిగిన ఒక పరిశోధన 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. పంట డబ్బు చేతికి రాకముందు ఒకసారి, వచ్చాక మరోసారి అవే రకం పరీక్షలు పెట్టారు. డబ్బు కటకటగా ఉన్నప్పుడు అదే రైతు తక్కువ మార్కులు తెచ్చుకున్నాడు. మనిషి మారలేదు, తెలివీ పోలేదు. అప్పు గురించిన ఆలోచనే బుర్రలో సగం చోటు ఆక్రమించింది. అప్పుడు కళ్లముందున్న సమస్య తప్ప పక్కనున్న ప్రమాదం కనపడదు.

ఏ దిగులుకి ఏ ఎర?

అప్పు అవసరమైనవాళ్లకు లోన్ యాప్. అవి ఫోన్‌లోని నంబర్లు, ఫొటోలు తీసుకుని, తర్వాత బంధువులకు మార్ఫింగ్ ఫొటోలు పంపి వేధిస్తాయి. 2022లో మంగళగిరి ప్రాంతంలో ఒక యువతి ఈ వేధింపులకు ప్రాణం తీసుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు నిబంధనలు తెచ్చింది: లోన్ యాప్ మన కాంటాక్టులు, ఫొటోల జోలికి పోకూడదు. లోన్ డబ్బు నేరుగా మన ఖాతాలోనే పడాలి. కాంటాక్టులు అడిగే యాప్ అయితే అక్కడే ఆగిపోవాలి.

ప్రభుత్వ సొమ్ము కోసం ఎదురుచూసేవాళ్లకు పీఎం కిసాన్ పేరుతో వాట్సాప్‌లో వచ్చే ఏపీకే ఫైల్. నొక్కి ఇన్‌స్టాల్ చేస్తే ఫోన్‌లోకొచ్చే ఓటీపీలు అవతలివాడికి చేరిపోతాయి.

కొడుకు గల్ఫ్‌లోనో హైదరాబాద్‌లోనో ఉంటే, "మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు, వెంటనే డబ్బు పంపండి" అని ఫోన్. అమ్మీ గుండె ఆగినంత పనవుతుంది. పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ చేసి "డిజిటల్ అరెస్ట్" అనడమూ ఇలాంటిదే. మన చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. ఈ సంగతి 2024 అక్టోబరులో ప్రధాని కూడా 'మన్ కీ బాత్'లో చెప్పారు.

వీటన్నిటిలోనూ రెండు మాటలు తప్పకుండా వినపడతాయి: "ఇప్పుడే", "ఎవరికీ చెప్పొద్దు". ఆలోచించే సమయం, సలహా చెప్పే మనిషి లేకుండా చేయడమే వాళ్ల పని.

ఇంట్లో పెట్టుకోవాల్సిన కట్టుబాట్లు

ఫోన్‌లో ఎవరు డబ్బడిగినా పెట్టేసి, ఇంట్లో ఒకరికి చెప్పాకే ఏ నిర్ణయమైనా. కొడుకు పేరు చెబితే, మన దగ్గరున్న అతని నంబరుకి మనమే చేయాలి.

యూపీఐ పిన్ డబ్బు పంపడానికే. డబ్బు రావడానికి పిన్ కొట్టమన్నాడంటే అది మోసమే.

గల్ఫ్ ఉద్యోగమంటే ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూశాకే పైసా ఇవ్వాలి.

అప్పు తప్పదనుకుంటే రాత్రిపూట ఒంటరిగా ఫోన్ ముందు కూర్చుని తేల్చుకోవద్దు. పొద్దున బ్యాంకుకో, సహకార సంఘానికో, డ్వాక్రా సంఘానికో వెళ్లి అడగండి.

డబ్బు పోతే

వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. ఎంత త్వరగా చెబితే, డబ్బు వేరే ఖాతాలకు మారిపోకముందే ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. బ్యాంకుకీ చెప్పాలి. "పోయిన డబ్బు తెప్పిస్తాం, ఫీజు కట్టండి" అంటూ తర్వాత వచ్చేవాడు రెండో దొంగ.

చాలామంది పరువు పోతుందని నోరు విప్పరు. ఆ మౌనంలో సమయం పోతుంది, ఒక్కోసారి మనిషే పోతాడు. మనసు బాగా కుంగిపోతే 14416కి ఫోన్ చేయొచ్చు. ఇది ప్రభుత్వ టెలీ మానస్ ఉచిత సేవ, తెలుగులో మాట్లాడతారు. ఇంట్లో ఎవరైనా వచ్చి "మోసపోయాను" అంటే తిట్టకండి. "ముందు 1930కి చేద్దాం, పద" అనండి.