రాయి మోయగలిగినన్ని చేపలు

ఉప్పునీటి అక్వేరియం చరిత్రను చాలామంది పంపులూ ఫిల్టర్లూ మెరుగుపడిన కథగా చెబుతారు. ఆ కథలో లైవ్ రాక్, అంటే సూక్ష్మజీవులు, నాచు, చిన్న పురుగులు కాపురమున్న పగడపు రాయి, మరో మంచి ఫిల్టరు మాత్రమే. నేను అలా అనుకోను. పరికరం మెరుగుపడితే ఇంకో నాలుగు చేపలు వేసుకోవచ్చన్న ఆశ పెరుగుతుంది. తొట్టిలో ఎన్ని ప్రాణులు బతకగలవన్న ప్రశ్నను తిరిగి ముందుకు తెచ్చింది మాత్రం రాయే.

ఆ ప్రశ్న మొదటి నుంచీ ఉంది. లండన్ రసాయనవేత్త రాబర్ట్ వారింగ్టన్ 1850లో ప్రకటించిన ప్రయోగంలో రెండు చిన్న బంగారు చేపలు, ఒక నీటి మొక్క ఉన్నాయి. ఆకులు కుళ్లి నీరు చెడుతుంటే నత్తలను వేశాడు. అవి కుళ్లును తినేశాయి, తొట్టి నిలదొక్కుకుంది. చేప వదిలే బొగ్గుపులుసు వాయువును మొక్క తీసుకుని ప్రాణవాయువు ఇస్తుందన్నది ఆయన లెక్క. ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో రాసిన పుస్తకంతో సముద్రజీవులను ఇంట్లో పెంచే మోజు ఇంగ్లండంతా పాకింది. కానీ ఆ లెక్కలో అమ్మోనియా లేదు. నీరు తేటగా, గాలి నిండుగా ఉన్నా చేపలను చంపేది అదే. 1871లో తెరిచిన క్రిస్టల్ ప్యాలెస్ అక్వేరియంలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ వేరే దారి పట్టాడు: ప్రదర్శన తొట్ల కంటే కొన్ని రెట్లు పెద్ద రిజర్వాయరు చీకట్లో కట్టించి, ఆ నీటినే తిప్పుతూ ఉంచాడు. తక్కువ ప్రాణులకు ఎక్కువ నీరు అన్న ఆ సూత్రం సరైనదే. అయితే ఆ స్థాయిలో కట్టడం సంస్థలకు చెల్లింది గాని ఇళ్లకు కాదు.

అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా సంగతి 1890 ప్రాంతంలో సెర్గీ వినోగ్రాడ్‌స్కీ పరిశోధనలతో తేలింది. ఆ జ్ఞానాన్ని ఇంటి తొట్టిలో రాయి రూపంలో నిలిపి చూపినవాడు జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్. 1961లో ఒక అమెరికన్ అక్వేరియం పత్రికలో ఆయన తన పద్ధతిని వివరించాడు: సముద్రపు నీరు, ఎండ, గాలి బుడగలు, సముద్రం నుంచి తెచ్చిన లైవ్ రాక్. పగడాలూ చేపలూ కలిసి బతికాయి. దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. ఎంగ్‌కు మంచి సముద్రపు నీరు దగ్గర్లోనే దొరికేది, భూమధ్యరేఖ ఎండ ఉచితంగా కాసేది. చల్లటి దేశాల్లో, సముద్రానికి దూరంగా, అదే పద్ధతి పట్టినవారిలో చాలామంది విఫలమయ్యారు. నిజమే. అయితే ఆ వైఫల్యం రాయిని తప్పుబట్టదు. ప్రయాణంలో సగం చచ్చిన రాయి, తనపై ఉన్న జీవులు కుళ్లడంతో, అమ్మోనియాను తనే వదులుతుంది. అలాంటి తొట్టిలో మొదటి వారమే చేపలు వేస్తే ఏ దేశంలోనైనా ఫలితం ఒకటే.

తర్వాతి మెరుగు జర్మనీలో వచ్చింది. డీట్రిచ్ స్టూబర్ వంటి బెర్లిన్ అభిరుచిదారులు రాయికి తోడుగా ప్రొటీన్ స్కిమ్మర్‌ను వాడారు. మాలిన్యం అమ్మోనియాగా మారకముందే నురుగుతో బయటికి పోతుంది కాబట్టి రాయి మీద భారం తగ్గుతుంది. ఇంచుమించు అదే కాలంలో, 1986లో, అమెరికాలో జార్జ్ స్మిట్ రాసిన వ్యాసాలతో వెట్-డ్రై ఫిల్టర్లు ప్రాచుర్యంలోకి వచ్చాయి. ప్లాస్టిక్ బంతుల మీద నీరు జల్లించే ఆ ఫిల్టరు అమ్మోనియాను రాయి కంటే చురుగ్గా మార్చగలదు, మరి రాయెందుకు అని అడగవచ్చు. చురుకుదనం ఒప్పుకుంటాను. కానీ అది నైట్రేట్ దగ్గర ఆగిపోతుంది. నైట్రేట్ పోగవుతుంది, నాచు పెరుగుతుంది, పగడాలు నీరసిస్తాయి. సందులున్న రాయి లోపలి పొరల్లో ప్రాణవాయువు ఉండదు. అక్కడి బాక్టీరియా నైట్రేట్‌ను నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తుంది. ఆ పని నెమ్మదిగా సాగుతుంది, ఆ నెమ్మదే చేపల సంఖ్యకు హద్దు. వేసే మేత ఆ వేగాన్ని దాటితే ఏ స్కిమ్మరూ ఎల్లకాలం ఆదుకోలేదు.

గ్యాలన్ నీటికి ఒకటి రెండు పౌండ్ల రాయి అన్న పాత కొలత నాకు ఎప్పుడూ నచ్చదు. బరువైన రాయిలో సందులు తక్కువ, తేలికైనదే ఎక్కువ బాక్టీరియాను మోస్తుంది. పైగా ఆ కొలత రాయిని లెక్కిస్తుంది గాని మేతను లెక్కించదు. అసలు పద్ధతే పగడపు దిబ్బలను దోచుకోవడం కదా అన్న ఆక్షేపణ వీటన్నిటికంటే బరువైనది, దాన్ని దాటవేయకూడదు. ఫ్లోరిడా తన జలాల్లో 1989లోనే రాయి తీయడాన్ని నిషేధించింది. 1997కల్లా అక్కడి సమాఖ్య జలాల్లోనూ సహజ రాయి సేకరణ ఆగి, గనుల సున్నపురాయిని సముద్రంలో వేసి పెంచే పద్ధతి మిగిలింది. మన దేశంలో 2001లో రాతి పగడాలను వన్యప్రాణి రక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో చేర్చారు. కాబట్టి విశాఖలోనో హైదరాబాదులోనో తొట్టి పెట్టేవారు పొడి రాయితోనో, కృత్రిమంగా తయారైన రాయితోనో మొదలుపెట్టాలి. పనిచేసేది సూక్ష్మజీవులు నిలిచే సందులే గనుక ఇందులో పద్ధతికి నష్టమేమీ లేదు. పెరిగేది సమయమే: పొడి రాయి లోపలి పొరలు పనిలోకి రావడానికి నెలలు పడుతుంది, అప్పటిదాకా ఒకటి రెండు చిన్న చేపలకు మించి వేయకూడదు.