మచిలీపట్నం కలంకారీ అచ్చుముద్రణ

చెక్కిన కొయ్య అచ్చులతో నూలు బట్టపై రూపాలు దించే పద్ధతి. దీనికి కృష్ణా జిల్లాలోని మచిలీపట్నం, పెడన ప్రధాన కేంద్రాలు. శ్రీకాళహస్తి కలంకారీలో చిత్రాన్ని కలంతో గీస్తారు. మచిలీపట్నం పద్ధతిలో టేకు అచ్చుతో అద్దుతారు. 1611లో ఆంగ్లేయులు మచిలీపట్నంలో వర్తకస్థావరం పెట్టడానికి ఇక్కడి అద్దకపు బట్టలు ఒక ముఖ్య కారణం. పర్షియాకు కూడా ఇవి విరివిగా ఎగుమతయ్యేవి.

అచ్చు అద్దేది చాలావరకు రంగును కాదు, రంగును పట్టించే లవణాన్ని. ఈ పనిలో అసలు నేర్పు ఇదే. ముందుగా బట్టను కరక్కాయ, గేదెపాల మిశ్రమంలో నానబెట్టి ఆరబెడతారు; పాలలోని కొవ్వు అద్దకం పాకకుండా ఆపుతుంది. తుప్పు ఇనుము, బెల్లం ఊరిన ద్రావణం కరక్కాయలోని వగరుతో కలిసి నలుపు అవుతుంది. పటిక అద్దిన చోట మొదట ఏమీ కనబడదు. కాలువ నీటిలో జాడించి, ఎర్రరంగు నీళ్లలో ఉడికించినప్పుడే అక్కడ ఎరుపు తేలుతుంది. ఆ ఎరుపుకు ఒకప్పుడు చిరివేరు వాడేవారు, తర్వాత అలిజరిన్ వచ్చింది. ప్రతి రంగుకూ వేరే అచ్చు కావాలి.

ఇలా రంగురంగుకూ అచ్చు చెక్కించాలి కాబట్టి, కోరిన బొమ్మతో ఒక్క చొక్కానే తయారుచేయాలంటే నేడు ట్రాన్స్‌ఫర్ ముద్రణ తేలిక. అందులో ఒక రకమైన సబ్లిమేషన్‌లో కాగితంపై ముద్రించిన సిరా సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వేడికి ఆవిరై పాలియెస్టర్‌లోకి దిగుతుంది, నూలుకు అంటదు. నూలుపై డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) పద్ధతిలో ఫిల్మ్‌పై ముద్రించిన బొమ్మను జిగురు పొడితో, వేడితో అతికిస్తారు. అది పైపొరగా నిలుస్తుంది. కలంకారీ రంగు మాత్రం నూలు పోగులోనే ఉంటుంది.